అమెరికా రాష్ట్రాల చిహ్నాలు, కరెంటు, డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో నాలుగో తరగతి చదివే పిల్లలున్న చాలా ఇళ్లలో ‘స్టేట్ ప్రాజెక్టు’ టెన్షన్ తప్పదు. జెండా, పక్షి, పువ్వు బొమ్మలు చార్టు మీద అతికిస్తే అయిపోతుందనుకుంటాం. తీరా మొదలుపెట్టాక బొగ్గు రాయి, చమురు బావి, పాతిక సెంట్ల నాణెం అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. రాష్ట్రం దేని మీద బతికిందన్నది ఒక కథ. నలుగురి ముందు దేన్ని చూపించుకుందన్నది ఇంకో కథ. ఆ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో చూడటమే ఇందులో అసలు సరదా. పిల్లలు, వాళ్లకు సాయం చేసే అమ్మానాన్నలు, క్విజ్ పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

రాష్ట్ర చిహ్నాలను ఎవరు నిర్ణయిస్తారు?

రాష్ట్ర శాసనసభే. ఎవరో ఒక సభ్యుడు బిల్లు పెట్టాలి, రెండు సభలూ ఆమోదించాలి, గవర్నరు సంతకం చేయాలి. నెబ్రాస్కాలో మాత్రం ఉన్నదే ఒక్క సభ కాబట్టి అక్కడ పని కొంచెం తేలిక.

ఈ సరదాకు ఊపు వచ్చింది 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన నుంచి. ప్రతి రాష్ట్రం తరఫునా ఒక పువ్వు ఉండాలన్న ఆలోచన అప్పుడు ప్రచారంలోకి వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో మహిళలు 1892లోనే ఓటింగు పెట్టుకుని రోడోడెండ్రాన్‌ను ఎన్నుకున్నారు. అప్పటికి అక్కడి ఎన్నికల్లో వాళ్లకు ఓటు హక్కే లేదు.

ఇప్పుడు వచ్చే కొత్త చిహ్నాల్లో చాలావాటి వెనక బడిపిల్లలు ఉంటారు. చట్టం ఎలా తయారవుతుందో నేర్పడానికి టీచర్లు వాళ్లచేత అర్జీలు రాయిస్తారు. అన్నిసార్లూ కథ సుఖాంతం కాదు. 2015లో న్యూహాంప్‌షైర్‌లో నాలుగో తరగతి పిల్లలు ఎర్రతోక డేగను రాష్ట్ర వేటపక్షిగా ప్రకటించమని బిల్లు పెట్టించారు. ఓటింగు రోజున వచ్చి గ్యాలరీలో కూర్చున్నారు. కింద కొందరు సభ్యులు లేచి వెటకారాలు ఆడి, ఆ పిల్లల కళ్లముందే బిల్లును ఓడించారు. దేశమంతా ముక్కున వేలేసుకుంది. చివరికి 2019లో అదే డేగకు ఆ హోదా దక్కింది. అప్పటికి ఆ పిల్లలు ఎనిమిదో తరగతి వయసుకు వచ్చేశారు. చట్టసభల గురించి వాళ్లు నేర్చుకున్న పాఠం సిలబస్‌లో ఉన్నదానికన్నా ఎక్కువే.

ఎక్కువ రాష్ట్రాలకు చిహ్నమైన పక్షి ఏది?

కార్డినల్. మగపక్షి నిగనిగలాడే ఎరుపులో ఉంటుంది, చలికాలం మంచులోనూ వలస పోకుండా కనిపిస్తుంది. ఇల్లినాయి, ఇండియానా, కెంటకీ, నార్త్ కరోలినా, ఒహాయో, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మొత్తం ఏడు రాష్ట్రాలు దాన్నే ఎంచుకున్నాయి. ఒకే పక్షిని పంచుకోవడం మనకూ కొత్త కాదు. తెలంగాణ పాలపిట్టే కర్ణాటకకూ ఒడిశాకూ రాష్ట్ర పక్షి.

కోడిని పెట్టుకున్న రాష్ట్రాలు కూడా ఉన్నాయి: డెలావేర్, రోడ్ ఐలాండ్. యూటాది ఇంకా విచిత్రం. సముద్రం లేని ఆ రాష్ట్రానికి చిహ్నం సముద్రపు కొంగ జాతి పక్షి, అదీ పేరులో కాలిఫోర్నియా ఉన్న ‘కాలిఫోర్నియా గల్’. 1848లో కొత్తగా వచ్చి స్థిరపడిన మార్మన్ల (ఒక క్రైస్తవ శాఖవాళ్ల) పంటల మీద పురుగుల దండు పడితే, ఈ పక్షులు గుంపులుగా వచ్చి వాటిని తిన్నాయని అక్కడివాళ్లు కృతజ్ఞతగా చెప్పుకుంటారు.

క్విజ్‌లో బోల్తా కొట్టించే ప్రశ్న ఒకటుంది. బాల్డ్ ఈగిల్ 1782 నుంచి దేశ ముద్ర మీద ఉంది, కానీ దాన్ని జాతీయ పక్షిగా చట్టంలో రాసింది 2024 డిసెంబరులో. అంతవరకూ అది జాతీయ పక్షి అని అందరూ అనుకోవడమే తప్ప కాగితం మీద లేదు.

పుచ్చకాయ కూరగాయా?

ఓక్లహోమాలో అవును, 2007 నుంచి. రాష్ట్ర పండు స్థానంలో అప్పటికే స్ట్రాబెర్రీ ఉంది. పుచ్చకాయ రైతులకూ న్యాయం చేయాలి కాబట్టి దాన్ని కూరగాయల్లోకి తోశారు. వాళ్ల వాదన మరీ కొట్టిపారేసేది కాదు. పుచ్చ, దోస, సొర, బీర అన్నీ ఒకే కుటుంబం.

ఆర్కాన్సాస్ ఆ గొడవే లేకుండా ఒక టమాటా రకాన్ని పండుగానూ కూరగాయగానూ రెండు స్థానాల్లో కూర్చోబెట్టింది. టమాటా తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చరిత్ర ఉంది మరి. అప్పట్లో దిగుమతి కూరగాయల మీద సుంకం ఉండేది, పండ్ల మీద లేదు. టమాటా పండేనని వ్యాపారులు కేసు వేశారు. 1893లో కోర్టు తేల్చింది: వృక్షశాస్త్రం ఏమన్నా సరే, జనం దాన్ని భోజనంలో వండుకుని తింటారు కాబట్టి కూరగాయే, సుంకం కట్టాల్సిందే.

‘రాష్ట్ర ప్రశ్న’ అని కూడా ఒక చిహ్నం ఉందట, నిజమేనా?

న్యూమెక్సికోలో ఉంది. ప్రశ్న: ‘రెడ్ ఆర్ గ్రీన్?’ హోటల్లో మీ ఆర్డరు మీద ఎర్ర మిరప సాస్ వేయమంటారా, పచ్చ మిరప సాసా అని. రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలి. గుంటూరు వాళ్లకు అక్కడ బెంగ ఉండదు.

బొగ్గు రాష్ట్ర చిహ్నం ఎలా అయింది?

యూటా 1991లో, వెస్ట్ వర్జీనియా 2009లో బొగ్గును రాష్ట్ర రాయిగా ప్రకటించుకున్నాయి. వెస్ట్ వర్జీనియాలో ఆ ప్రయత్నం మొదలుపెట్టింది ఒక హైస్కూలు విద్యార్థిని.

కెంటకీ కథ చూస్తే జియాలజీ చదివినవాళ్లకు నవ్వొస్తుంది. అక్కడ బొగ్గు ‘రాష్ట్ర ఖనిజం’, అగేటు ‘రాష్ట్ర శిల’. శాస్త్రం ప్రకారం సరిగ్గా తలకిందులు. బొగ్గు చెట్టూచేమా కుళ్లి గట్టిపడిన పదార్థం కాబట్టి శిలల్లోకి వస్తుంది. అగేటు క్వార్ట్జ్‌లో ఒక రకం కాబట్టి ఖనిజం. చట్టంలో మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

దేశంలో అందరికన్నా ఎక్కువ బొగ్గు తవ్వే వయోమింగ్ ఏం పెట్టుకుందో చూడండి. దేశం మొత్తం బొగ్గులో దాదాపు 40 శాతం ఆ ఒక్క రాష్ట్రానిదే. అయినా రాష్ట్ర రత్నం జేడు, రాష్ట్ర శిలాజం ఒక చేప. రాష్ట్ర ముద్ర మీద మాత్రం దాపరికం లేదు. పశుసంపద, ధాన్యం, గనులు, చమురు అని నాలుగు మాటలు రాసి పెట్టుకున్నారు. ఇంత నిజాయితీగా ఆదాయం లెక్క చెప్పే ముద్ర నాకు ఇంకోటి తట్టలేదు.

ఓక్లహోమా శాసనసభ ఆవరణలో నిజంగా చమురు బావి ఉందా?

ఉంది. ఓక్లహోమా సిటీలో కాపిటల్ భవనం ఎదురుగా ఇనుప డెరిక్ (చమురు తవ్వే ఎత్తైన చట్రం) ఇప్పటికీ నిలబడి ఉంటుంది. 1941లో అక్కడ తవ్వకం మొదలుపెట్టారు. ఆ చోటు పూలమడి, అందులో పెటూనియా మొక్కలు. దాంతో బావికి ‘పెటూనియా నంబర్ 1’ అని పేరు పడిపోయింది. భవనాన్ని కదపకుండా ఏటవాలుగా డ్రిల్ చేసి, సరిగ్గా శాసనసభ కిందనున్న చమురును తోడారు. 1980ల దాకా ఆ బావి పనిచేసింది.

ఇంత చమురు కాళ్లకింద ఉన్నా ఆ భవనానికి దశాబ్దాలపాటు గుమ్మటం లేదు. 1917లో భవనం పూర్తయ్యేనాటికి ఖర్చు పెరిగిపోయి దాన్ని పక్కన పెట్టేశారు. గుమ్మటం వచ్చింది 2002లో.

అలాస్కాలో ఉంటే ప్రభుత్వమే ఏటా డబ్బు ఇస్తుందా?

ఇస్తుంది. అందరూ ముందు నమ్మరు గానీ నిజం.

అమెరికా 1867లో రష్యా దగ్గర అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్నది. ఎకరానికి రెండు సెంట్లు పడింది. అప్పట్లో దండగ బేరమని వెక్కిరించినవాళ్లున్నారు. వందేళ్ల తర్వాత ఉత్తరాన ప్రూడో బే దగ్గర భారీగా చమురు బయటపడింది. దాన్ని దక్షిణాన వాల్డెజ్ రేవుకు చేర్చడానికి 800 మైళ్ల పైపులైను వేశారు, 1977లో చమురు పారింది. ఈ డబ్బంతా ఒక తరమే తినేయకూడదని 1976లోనే రాజ్యాంగ సవరణ చేసి పర్మనెంట్ ఫండ్ పెట్టుకున్నారు. చమురు ఆదాయంలో కొంత వాటా అందులోకి వెళ్తుంది, అసలును ముట్టుకోరు. రాబడిలోంచి 1982 నుంచి ఏటా నివాసులకు డివిడెండు పంచుతున్నారు. మొదటి ఏడాది 1,000 డాలర్లు. 2022లో 3,284 డాలర్లు. 2025లో మళ్లీ 1,000.

పసిపిల్లలకూ వస్తుంది కాబట్టి నలుగురున్న ఇంటికి నాలుగు వాటాలు. పైగా రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు.

వెంటనే వచ్చే రెండో ప్రశ్న: హెచ్‌1బి వాళ్లకు వస్తుందా? ఆ వీసా ఒక్కటే ఉంటే రాదు. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు అర్హులు. అదీ ముందటి క్యాలెండర్ ఏడాది మొత్తం అలాస్కాలో నివాసం ఉండి, అక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉంటేనే. ఆ చలికీ, పాల ప్యాకెట్టు దగ్గర్నుంచి అన్నిటికీ ఉండే ధరలకీ ఇది ఏ మూలకు సరిపోతుందన్నది వేరే సంగతి.

పెట్రోలు ధర చివర 9/10 ఎందుకు ఉంటుంది?

బంకు బోర్డు మీద 3.49 అని పెద్దగా, పక్కన చిన్న అక్షరాల్లో 9/10 అని ఉంటుంది. అంటే గ్యాలను 3 డాలర్ల 49.9 సెంట్లు. సెంటులో పదో వంతుకు నాణెం లేదు, ఎప్పుడూ ముద్రించలేదు కూడా. కానీ డాలరులో వెయ్యో వంతుకు ‘మిల్’ అనే లెక్క 1792 నాణేల చట్టంలోనే ఉంది.

పెట్రోలు మీద పన్నులు సెంట్లలోనూ సెంటు భాగాల్లోనూ పడటం మొదలయ్యాక బంకులు వాటిని అలాగే ధరలో కలిపి చూపించడం అలవాటైంది. కేంద్రం మొదటిసారి పన్ను వేసింది 1932లో, గ్యాలనుకు ఒక సెంటు. 1993 నుంచి అది 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. పన్నుల మాట ఎలా ఉన్నా, 3.50 కన్నా 3.49 తక్కువగా కనిపిస్తుందన్న వ్యాపార కిటుకు వల్లే ఆ 9/10 ఇంకా బతికుంది. 15 గ్యాలన్లు కొట్టిస్తే దాని బరువు పదమూడున్నర సెంట్లు.

బంకుల గురించే ఇంకోటి. న్యూజెర్సీలో మీ కారులో మీరు పెట్రోలు పోసుకోకూడదు, 1949 నుంచి చట్టం. అద్దం దించి కూర్చుంటే బంకు మనిషే వచ్చి పోస్తాడు. ఒరెగాన్ 2023లో ఇలాంటి ఆంక్షను సడలించడంతో ఇప్పుడు దేశంలో న్యూజెర్సీ ఒక్కటే మిగిలింది. అక్కడ డ్రైవింగు నేర్చుకున్నవాళ్లు వేరే రాష్ట్రానికి వెళ్లి పంపు ముందు తెల్లమొహం వేయడం మామూలే.

టెక్సాస్‌కు సొంత కరెంటు గ్రిడ్ ఎందుకు?

అమెరికా ప్రధాన భూభాగంలో మూడు పెద్ద గ్రిడ్లు ఉన్నాయి: తూర్పు, పడమర, టెక్సాస్. కరెంటు రాష్ట్ర సరిహద్దు దాటితే కేంద్రం అజమాయిషీ వస్తుందని 1935 చట్టం చెప్పింది. దాటకుండా ఉంటే పోలా అనుకున్నారు టెక్సాస్ వాళ్లు. రాష్ట్రంలో ఎక్కువ భాగం ఈ సొంత గ్రిడ్ కిందే ఉంది, దాన్ని నడిపే సంస్థ ఎర్కాట్.

దీని ఖరీదు 2021 ఫిబ్రవరిలో తెలిసింది. గడ్డకట్టే చలికి గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు వరసగా పడిపోయాయి. పక్క గ్రిడ్ల నుంచి తెచ్చుకుందామంటే ఉన్న తీగలు అంతంతమాత్రం. 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్కల్లోనే 246 మంది చనిపోయారు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ల్లోని తెలుగు కుటుంబాలు ఎన్నో కార్లలో హీటరు వేసుకుని ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్న రోజులవి. టోకు మార్కెట్లో మెగావాట్ గంట ధర గరిష్ఠ పరిమితి అయిన 9,000 డాలర్లకు చేరింది. అంటే ఒక్క యూనిట్ 9 డాలర్లు. మార్కెట్ ధరతో పాటు మారే ప్లాను తీసుకున్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అదే రాష్ట్రంలో పడమటి గ్రిడ్‌కు కలిసి ఉన్న ఎల్ పాసోలో మాత్రం దీపాలు దాదాపుగా ఆరలేదు.

చమురుకు పేరుమోసిన ఈ టెక్సాసే గాలి కరెంటులోనూ దేశంలో నంబర్ వన్. వాటా పరంగా అడిగితే జవాబు అయోవా. అక్కడ తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలిమరలదే.

ఆరకుండా వెలుగుతున్న బల్బు ఎక్కడుంది?

కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో. బే ఏరియా తెలుగువాళ్లకు లివర్‌మోర్ అంటే శివ-విష్ణు దేవాలయమే గుర్తొస్తుంది. గుడికి వెళ్లినప్పుడు ఇదీ చూసి రావచ్చు. 1901 నుంచి వెలుగుతున్న ఈ బల్బును ఒహాయోలోని షెల్బీ కంపెనీ చేసింది. గాజును నోటితో ఊది చేశారు, లోపల కార్బన్ తీగ. ఇప్పుడు నాలుగు వాట్ల వెలుగే ఇస్తుంది, గది దాటదు. నారింజ రంగులో మెలితిరిగిన తీగ కళ్లు చికిలించకుండా నేరుగా చూడొచ్చు. ‘ఎప్పుడూ ఆరలేదు’ అని చాలామంది అంటారు గానీ, 1976లో కొత్త కేంద్రానికి మార్చినప్పుడు కాసేపు, 2013లో బ్యాకప్ పరికరం పాడై కొన్ని గంటలు ఆరింది.

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరికి ఆ శాస్త్రవేత్త పేరేనా?

ఆయన పేరే. థామస్ ఎడిసన్ ప్రయోగశాల నడిపిన మెన్లో పార్క్ ఆ ఊళ్లోనే ఉంది. 1954 దాకా ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. ఓక్ ట్రీ రోడ్డులో బిర్యానీ తినడానికి వెళ్లేవాళ్లలో ఎంతమంది మెన్లో పార్క్‌లో ఉన్న ఎడిసన్ స్మారక స్తంభం దాకా వెళ్తారో అనుమానమే.

అణు కరెంటుతో వెలిగిన మొదటి ఊరు?

ఐడహోలోని ఆర్కో, 1955 జులై 17. గంటకు కాస్త ఎక్కువసేపు.

రాష్ట్రాల క్వార్టర్ నాణేలు దాచుకుంటే విలువ పెరుగుతుందా?

చాలావాటి విలువ పాతిక సెంట్లే. 1999 నుంచి 2008 వరకూ ఏడాదికి ఐదు చొప్పున, రాష్ట్రాలు యూనియన్‌లో చేరిన వరసలో వీటిని విడుదల చేశారు. డెలావేర్ మొదటిది, హవాయి ఆఖరిది. వందల కోట్లలో ముద్రించిన నాణేలు అరుదైనవి ఎలా అవుతాయి? మినహాయింపు ఒకటి: 2004 విస్కాన్సిన్ నాణేల్లో కొన్నిటి మీద మొక్కజొన్న కంకికి అదనంగా ఒక ఆకు ఉంటుంది. వాటిని సేకరించేవాళ్లు ముఖవిలువకు ఎన్నో రెట్లు ఇస్తారు.

న్యూహాంప్‌షైర్ నాణెం మీద కొండచరియలో మనిషి ముఖంలా కనిపించే రాయిని వేశారు. నాణెం వచ్చింది 2000లో. 2003 మే 3న ఆ ముఖం కాస్తా కూలిపోయింది. ఇప్పుడది ఇలాంటి బొమ్మల్లోనే మిగిలింది.

నాకు వీటిలో నచ్చేది, వాటి మీద లేని బొమ్మలు. వెస్ట్ వర్జీనియా బొగ్గు వేయలేదు, న్యూ రివర్ లోయ మీది వంతెన వేసింది. ఓక్లహోమా చమురు డెరిక్ బదులు పొడుగుతోక పిట్టను, టెక్సాస్ ఒంటి నక్షత్రాన్ని, అలాస్కా సాల్మన్ చేపను పట్టిన ఎలుగుబంటిని, వయోమింగ్ గుర్రపు రౌతును ఎంచుకున్నాయి. కాలిఫోర్నియా కూడా బంగారం వదిలేసి యోసెమిటీ కొండను పెట్టింది. కడుపు నింపినవాటిని ఇంట్లో ఉంచి, ఫొటోకు అందమైనవాటిని నిలబెట్టారు.

అమెరికాలో తొలి బంగారు వేట కాలిఫోర్నియాలోనే కదా?

కాదు, నార్త్ కరోలినాలో. 1799లో షార్లెట్ దగ్గర వాగులో కాన్రాడ్ రీడ్ అనే 12 ఏళ్ల కుర్రాడికి పసుపురంగు రాయి దొరికింది. 17 పౌండ్ల బరువు. అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలియక తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పెట్టుకున్నారు, దాదాపు మూడేళ్లు! 1802లో ఒక నగల వ్యాపారి చూసి ఎంతకిస్తావని అడిగితే, తండ్రి పెద్ద మొత్తమనుకుని మూడున్నర డాలర్లు అడిగాడు. దాని అసలు విలువ 3,600 డాలర్ల దాకా ఉంటుంది. తర్వాత విషయం తెలిసి ఆయన సొంత పొలంలోనే తవ్వకాలు మొదలుపెట్టి బాగుపడ్డాడు. షార్లెట్‌లో ప్రభుత్వం టంకశాల కూడా పెట్టింది. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. ఇవాళ మనవాళ్లు బ్యాంకు ఉద్యోగాలకని వెళ్లే షార్లెట్‌కు డబ్బుతో చుట్టరికం అంత పాతది.

నోట్ల మీద ఉన్నవాళ్లంతా అధ్యక్షులేనా?

పది డాలర్ల మీది హామిల్టన్, వంద డాలర్ల మీది ఫ్రాంక్లిన్ అధ్యక్షులు కారు. నోటు కాగితం మామూలు కాగితం కాదు, 75 శాతం పత్తి, 25 శాతం లినెన్. అందుకే ప్యాంటు జేబులో ఉండి వాషింగ్ మెషీన్లో పడ్డా చిరగదు. ముద్రణాలయాలు రెండే, ఒకటి రాజధాని వాషింగ్టన్‌లో, రెండోది టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో. నోటు మీద చిన్నగా ‘ఎఫ్‌డబ్ల్యు’ అక్షరాలుంటే అది టెక్సాస్ సరుకు.

పెన్నీ ఆపేశారుగా, డబ్బా నిండా ఉన్నవాటిని ఏం చేయాలి?

చెల్లుబాటు పోలేదు. 1793లో మొదలైన ఒక్క సెంటు నాణేన్ని చలామణీ కోసం చివరిసారిగా ఫిలడెల్ఫియాలో 2025 నవంబరు 12న ముద్రించారు. కారణం లెక్కలే. 2024లో ఒక్కో సెంటు తయారీకి 3.69 సెంట్లు అయింది. ఐదు సెంట్ల నికెల్ పరిస్థితీ అంతే, తయారీకి 13.78 సెంట్లు, కానీ దాని జోలికి ఇంకా పోలేదు. ప్రభుత్వ అంచనాలో దాదాపు 30 వేల కోట్ల పెన్నీలు జనం దగ్గరున్నాయి, ఎక్కువభాగం మీ డబ్బాలాంటి డబ్బాల్లోనే.

ఖర్చు పెట్టేముందు అయస్కాంతం ఒకటి తెచ్చుకుని 1943 నాటివి ఏమైనా ఉన్నాయేమో చూడండి. యుద్ధంలో రాగి కొరత వల్ల ఆ ఏడాది ఉక్కుతో చేశారు, అవి అయస్కాంతానికి అతుక్కుంటాయి, వాటి విలువ పెద్దగా ఉండదు. 1943 అని ఉండి అతుక్కోకపోతే మాత్రం నిపుణులకు చూపించాలి. ఆ ఏడాది పొరపాటున రాగి బిళ్లల మీద పడినవి చాలా అరుదు, వేలంలో లక్షల డాలర్లు పలికాయి. నకిలీలూ బోలెడు. 1982కు ముందటివి 95 శాతం రాగి కాబట్టి లోహం విలువే సెంటు కన్నా ఎక్కువ, కానీ కరిగించి అమ్మడం నేరం. మిగతావి బ్యాంకులో ఇవ్వొచ్చు. సూపర్ మార్కెట్లో నాణేలు లెక్కపెట్టే యంత్రంలో పోస్తే కమిషన్ కోసుకుంటుంది, నగదుకు బదులు గిఫ్ట్ కార్డు తీసుకుంటే చాలాచోట్ల ఆ కోత ఉండదు. బ్యాంకుకే వెళ్తే ముందు కాగితపు చుట్టలు అడిగి తెచ్చుకోండి, ఒక్కో చుట్టకు 50 పెన్నీలు పడతాయి.